పొట్టి క్రాంకు

సీటు కొంచెం ఎత్తమని వెళ్లాను
లాకుల దగ్గర ఇస్రాయేలు కొట్టుకి.
తొక్కితే మోకాలు పొట్టలోకి వస్తోంది,
రాత్రిళ్లు లోపలెక్కడో సలుపు.

స్టాండు వేసి తొక్కమన్నాడు.
వెనక చక్రం గాల్లో తిరుగుతుంటే
సీటుకేసి చూడనే లేదు,
నా మోకాలు ఎక్కడ తడబడుతోందో చూశాడు.
"ఆయ్, సీటు కాదండి. క్రాంకు పొడుగు.
ఇది పొడుగాటి మనిషికి కొన్న బండి కదండీ?"

అవును, మా అన్నయ్యది.
పదహారేళ్లుగా
ఆ ఆరడుగుల మనిషి కాలు గీసిన సున్నాలో
నా కాలు తిప్పుతున్నాను,
ఉత్తరాల సంచీ భుజానేసుకుని.

సుత్తి దెబ్బలకి కాటరు పిన్నులు ఊడాయి.
ఏదో పిల్ల సైకిలు క్రాంకు, కిరసనాయిల్లో కడిగి
పాతదాని పక్కన పెట్టాడు.
తేడా బొటనవేలి గోరంత.
"ఇంతేనా?"
"ఇంతేనండి. కానీ నిమిషానికి అరవైసార్లండి."
అప్పుడెత్తాడు సీటు, ఆ గోరంతే.

"మరి ఎత్తెక్కాలంటే బలం చాలుతుందా?"
"లంకల్లో ఎత్తెక్కడిదండీ, ఈ వంతెన తప్ప?
ఎదురుగాలొస్తే మెల్లగా వెళ్లండి.
మీరు మోసేది ఉత్తరాలు, రొయ్యలు కాదుగా."

కాలవ గట్టు మీద మొదటి పది గజాలు
అడుగున లేని మెట్టు కోసం పాదం వెతికింది.
తర్వాత మానేసింది.
గుర్రపుడెక్క కింద నీళ్లు కదిలీ కదలనట్టు
కాలు తిరుగుతోంది, కుదుపు లేకుండా,
నా కొలతకి.

వంతెన దిగకుండా ఎక్కేశాను.
అబద్ధమెందుకు, సగం దాకా.
మిగతా సగం దిగి నడిచాను.
మోకాలు ఏమీ అనలేదు.