లిఫ్టుకి ఇరవై తెత్రీలు

రొట్టెల కొట్టుకి తాళం వేసి
పడిందో లేదోనని
రెండుసార్లు వెనక్కి వెళ్ళొచ్చాడు జుంబెర్.
పద్నాలుగేళ్ళలో మా పొయ్యి చల్లారిన
మొదటి శనివారం.

జెస్తఫోని నుంచి వ్యానులో మూడు గంటలు.
చర్చి కనబడ్డప్పుడల్లా స్టీరింగు వదిలేసి
ముమ్మారు శిలువ గుర్తు వేసుకునే డ్రైవరు.
ఆయన దేవుణ్ణి నమ్ముకున్నాడు,
మేం ఆయన్ని.

టిబిలిసిలో మా గది ఎనిమిదో అంతస్తు.
లిఫ్టు గోడకి డబ్బీ ఒకటి,
ఇరవై తెత్రీల బిళ్ళ మింగితేగాని కదలదు.
జుంబెర్ జేబులు దులిపితే
రాలింది పిండే.
మెట్లెక్కాం.
అయిదో అంతస్తులో ఎవరో ముసలావిడ తలుపు తీసి
మమ్మల్ని ఎగాదిగా చూసి
చెరో ఆల్బకరా పండు చేతిలో పెట్టి
తలుపేసుకుంది.
ఎందుకో చెప్పలేదు.
ఈ ఊళ్ళో ఎవరూ ఎందుకో చెప్పరు.

గడియార స్తంభం వంకరగా నిలబడింది,
ఇనుప దూలానికి చేరగిలి,
పెళ్ళిలో ఎక్కువ తాగిన మేనమామలా.
గంటకోసారి బుల్లి తలుపు తీసుకుని
దేవదూత బయటికొచ్చి సుత్తితో ఒక దెబ్బ వేసి
విసుగ్గా లోపలికి పోతాడు.
"జీతం చాలదనుకుంటా" అన్నాడు జుంబెర్.
నవ్వాను. మా కొట్లో నేను నవ్వడానికి
చేతులెప్పుడూ ఖాళీగా ఉండవు.

చెవికి పసుపు పోగు పెట్టిన వీధికుక్క
మాకు దారి చూపించింది.
ఎర్రలైటు దగ్గర అది ఆగింది,
నా మొగుడు ఆగలేదు.
రోడ్డుకి అవతల కలిశాక
అది అతన్ని చూసిన చూపు
మా అత్తగారిది.

వంతెన మీద పాత సామాన్ల సంత.
ఎవరి ఛాతీ మీదివో పతకాలు,
పన్ను పీకే పట్టకార్లు, జత పోయిన చెంచా,
గాజు షాండ్లియరు కింద గొడుగేసుకు కూచున్న అమ్మకందారు.
అక్కడ దొరికిందొక ఫోటో:
సముద్రం ముందు ఎవరో మొగుడూ పెళ్ళాం.
వెనక నీలం సిరా తారీఖు సగం చెరిగింది.
అయిదు లారీలన్నాడు, రెండిచ్చాను.
"తెలియనివాళ్ళు మనకెందుకు?"
"తెలియనివాళ్ళు గనకే."

రాత్రి, కుచ్చిళ్ళు పోసిన మాంసం కుడుములు.
జుంబెర్ తినడు, ముందు లెక్కపెడతాడు:
పంతొమ్మిది కుచ్చిళ్ళు. "చెయ్యి తిరిగినవాడే."
పళ్ళెం అంచున కుడుముల తొడిమలు పేరుకుంటుంటే
ఫోటోని సీసాకి ఆనించి
ఇద్దరం వాళ్ళకి బతుకు అల్లాం.
"వీడు ఓడలో వంటవాడు" అన్నాడు.
"పళ్ళ డాక్టరు" అన్నాను.
"ఆమెకి నీళ్ళంటే భయం. చూడు,
వాడి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో."
"పట్టుకోలేదు. మోచేత్తో నెడుతోంది.
ఒక్కసారి ఒంటరిగా ఈదాలనుంది ఆమెకి.
ఎటు పోదామని
వాడెప్పుడూ అడగలేదు."

చేతిలో కుడుము చల్లారింది.
రసం మణికట్టు దాకా కారింది, తుడుచుకోలేదు.
"ఎప్పట్నుంచి?" అన్నాడు.
"ఫోటో తీసినప్పట్నుంచీ."
పక్క బల్లమీద ఎవరో
ఆ ఊళ్ళో ఉన్న సగంమంది పేర్లు చెప్పి
గ్లాసెత్తారు.
మేమూ ఎత్తాం.

తిరిగొచ్చేసరికి అతని గుప్పిట్లో
గలగలమని బిళ్ళలు.
ఎప్పుడు మార్చాడో!
డబ్బీలో ఒకటి వేసి
బొత్తాల మీద వేలు పెట్టకుండా
"ఎన్నో అంతస్తు, లమారా?" అన్నాడు,
ఎనిమిదని తెలిసీ.

పదహారు నొక్కాను.

పైన చూడ్డానికేం లేదు.
నీళ్ళ ట్యాంకు, ఎవరివో ఆరని దుప్పట్లు,
చీకట్లో ఎవడో క్లారినెట్ మీద
ఒకే స్వరం దగ్గర తప్పుతూ, మళ్ళీ మొదలెడుతూ.
దుప్పట్లు ఆరేదాకా ఉందామన్నాను.
సరేనన్నాడు.

నాలుగింటికి ఇద్దరికీ పొయ్యి గుర్తొచ్చింది.
ఎవరం అనలేదు.