పుర్రచేతి రాజు

గవర్నరుపేటలో, ఏలూరు కాలవకి ఆనుకుని
మా నాన్న బైండింగు చేసిన ప్రెస్సు.
అక్కణ్ణించే పిల్లల పత్రిక
ఐదు భాషల్లో రైలెక్కేది.

ముందు బొమ్మలు.
మాటలకి కింద తెల్లగా చోటు వదిలితే
తెలుగొచ్చి గుండ్రంగా కూర్చునేది,
అరవం మోకాళ్లు ముడుచుకుని,
ఒరియా గొడుగేసుకుని.
కన్నడం మా మేనత్త కూతురే, నోరు విప్పితే గాని
ఊరు వేరని తెలిసేది కాదు.
పైడిరాజు గారు గీసిన రాజు మాత్రం
ఎవరింటికెళ్లినా అదే మీసం, అదే గుర్రం,
కత్తి కుడిచేతిలో.

నాది పుర్రచెయ్యి.
బడిలో పంతులు దాన్ని తువ్వాలుతో
బెంచీకి కట్టేసేవాడు.
అన్నం దగ్గర అమ్మ మొట్టేది.
పలక మీద నా 'అ'
అలిగినట్టు అటు తిరిగి నిలబడేది.

ఐదోది ఉర్దూ.
దానికి మా దగ్గర సీసం అక్షరాల్లేవు.
వన్‌టౌన్ నించి గౌస్ మొహిద్దీన్ సాయిబు
రెల్లుకలంతో రాసి, రేకు గొట్టంలో చుట్టి
సైకిలు మీద తెచ్చేవాడు.
కుడి నించి ఎడమకి నడిచే కథ కదా,
బొమ్మల్ని కూడా తిప్పించేవాడు.
"లేకపోతే గుర్రం కథకి ఎదురెళ్తుంది బేటీ."

ఒక శనివారం నాన్నకి క్యారేజీ పట్టుకెళ్లాను.
మడతేసిన ఫారాల మీద
అదే మీసం. అదే గుర్రం.
కత్తి ఎడమచేతిలో.
మంత్రులెవరూ నవ్వడం లేదు.
రాణి మొట్టడం లేదు.

ఆ కాగితం దొంగిలించాను.
అందులో ఒక్క ముక్క చదవలేను,
ఇప్పటికీ.

ఒరియా ముందు ఆగింది. పార్సిలు ఛార్జీలన్నారు.
అరవం, కన్నడం ఒకే ఏడు.
ఉర్దూ చివరి నెల నలభై ఒక్క కాపీలు.
సాయిబు ఆ నలభై ఒకటికీ
ఒక్క చుక్క తగ్గించకుండా రాశాడని
నాన్న అన్నం కలుపుతూ చెప్పాడు.
తెలుగు ఇంకో ఆరేళ్లు ఈడ్చింది.

తారాపేట పాతసామాన్లాయన వచ్చి
జింకు బ్లాకులు కిలోల్లెక్కన తూస్తున్నాడు.
ఒకటి తీశాను, తెలుగుది.
ఎండిన సిరా కింద
రాజు పుర్రచేతివాడు!
పక్కనున్న ఉర్దూది తీశాను.
కత్తి కుడిచేతికి మారింది.

ఇన్నేళ్లూ నాకీ సంగతి
ఎవరూ చెప్పలేదు. నాన్న కూడా.

"ఒకటి ఉంచుకోండమ్మా, ఊరికే.
ఏది కావాలి, తొందరగా చెప్పండి."

రెండు చేతుల్లో ఇద్దరు రాజులు.

"ఎడమచేతిలోది" అన్నాను.