నిల్వ

పలమనేరులో జులై వాన
నిలబడి కురవదు, నడిచిపోతుంది.
మా జువాలజీ ల్యాబు రేకుల మీద మాత్రం
కాసేపు కూర్చుంటుంది.

ఇట్లాంటి రాత్రుళ్ళే చెంగల్రాయుడు
గోనెసంచీ, టార్చిలైటూ తీసుకుని
కౌండిన్య ఏటిగడ్డకి పోయేవాడట.
ఇరవై ఆరేళ్ళు. ఏడాదికి ఎనభై.
కప్పకు ముప్పావలా, తర్వాత్తర్వాత రూపాయిన్నర.
"అరిచేదాన్ని పట్టడం సులువు మేడమ్మా,
నోరు మూసుకున్నది దొరకదు" అంటాడు
ట్రేలో పాత మైనం గీకుతూ.
మైనంలో ఇంకా గుండుసూదుల బొక్కలు,
కాళ్ళూ చేతులూ చాపిన కొలతకి.

ఇప్పుడు కోయకూడదు.
కాగితం వచ్చి చాలా ఏళ్ళయింది.
కాగితంతో పాటు, కప్ప బదులు ఏదీ రాలేదు.
మిగిలింది ఒక సీసా,
ఫార్మలిన్‌లో తెల్లబడిన ఒకే ఒకటి.
లేబులు మీద పేరూ తెల్లబడింది.
"ఇది బల్లా మేడమ్?" అని
ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

మోడలు కొందామని తిరుపతి పోయాను.
బస్టాండు వెనక షాపులో, అద్దాల బీరువాలో
పొట్టకు మూత ఉన్న ప్లాస్టిక్ కప్ప:
మూడు వేల ఎనిమిది వందలు.
మా ల్యాబుకు ఏడాదికిచ్చేది నాలుగు వేలు,
అందులోనే స్పిరిటు, స్లైడ్లు, చీపుర్లు.
"గుండె ఒక్కటే అయితే ఆరొందలు" అన్నాడతను.
దాహమేసి సోడా తాగి బస్సెక్కాను.
చిత్తూరు దాటాక
ముందుసీటావిడ ఒళ్ళో పసివాడు
ఆమె బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ,
లాగుతూ.
మొగిలి ఘాటంతా అదే చూశాను.

"జాకెట్టా మేడమ్?" అంది టైలరు దిల్షాద్.
"కప్ప."
నవ్వడం అయ్యాక
టేపు మెడలోంచి తీసి "కొలతలు?" అంది.

యూనిఫారం ముక్కలతో ఆకుపచ్చ ఒళ్ళు,
చిరిగిన స్కూలు బ్యాగుల జిప్పులు,
ఎవరిదో పెళ్ళి జాకెట్టు లైనింగు కాలేయం.
పేగులకి లంగా నాడా.
ఊపిరితిత్తులకి బెలూన్లు పెట్టాం,
స్ట్రాతో ఊదితే నిజంగానే లేచాయి.
కిడ్నీలు చిక్కుడు గింజలు.
ధమనులకి, సిరలకి నగరి మగ్గాల దారం,
ఎరుపూ నీలమూ, రెడ్డెమ్మ మామ పంపించాడు,
ఏడు కప్పలకి అడిగితే
ఏనుక్కి సరిపోయేంత.

గుండె కుట్టింది రెడ్డెమ్మే, బైపీసీ ఫస్టియరు.
నాలుగు గదులు, బిగువుగా, ముద్దుగా.
బాగుందన్నాను నేను కూడా.
చెంగల్రాయుడు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని
"మూడే" అన్నాడు.
"ఏంది?"
"కప్పకు మూడు గదులే గదా మేడమ్మా.
రెండువేల దాకా చూసినా.
కోసినాక కూడా కొట్టుకునేది.
నాలుగోది యాడా లేదు."
నా ఎమ్మెస్సీ ఏమీ మాట్లాడలేదు.
రెడ్డెమ్మ బ్లేడుతో ఒక కుట్టు విప్పింది.
ల్యాబులో ఆ రోజు జరిగిన కోత అదొక్కటే.

ప్రాక్టికల్ రోజు
జిప్పు తీశారు, బయట పెట్టారు, పేర్లు రాశారు.
పది నిమిషాలు పట్టలేదు.
"ఇప్పుడు ఎట్లున్నది అట్ల సర్దండి" అన్నాను,
ముందుగా అనుకున్న మాట కాదు.
గంటన్నర పట్టింది.
ఒకరికి పేగు మిగిలింది.
ఒకరి కిడ్నీ బెంచీ కింద దొరికింది.
కాలేయం ముందా, కడుపు ముందా అని
మూడో టేబులు దగ్గర తగువు.
నా చదువులో నన్నెవరూ ఇది అడగలేదు.
మేం తీసినవన్నీ బకెట్లోకే పోయేవి.

సాయంత్రం ఏడు కప్పలనీ దులిపి
వరసగా బల్ల మీద పడుకోబెట్టి
చెంగల్రాయుడు రిజిస్టర్లు రెండూ తెచ్చాడు.
అట్ట ఊడినది, ఖర్చయ్యే వస్తువులది:
యాసిడ్, దూది, ఫిల్టరు కాగితం, కప్పలు.
వచ్చినవి ఎనభై, ఖర్చు ఎనభై, నిల్వ సున్నా.
పేజీ తర్వాత పేజీ అతని చేతిరాతే.
రెండోదాంట్లో
మైక్రోస్కోపు, బీరువా, గోడగడియారం.

పెన్ను మూత తీసి పట్టుకుని
ఆ పుస్తకం వైపూ ఈ పుస్తకం వైపూ చూసి
"దేంట్లో రాయమంటారు?" అన్నాడు.