ఒక స్క్రూ మిగిలింది

థండర్ బేలో నవంబరు.
సాయంత్రం అయిదు కాకుండానే చీకటి.
అందుకే పొద్దున్నే మొదలుపెట్టాను,
కిటికీలో వెలుగుండగానే
బాత్రూం దీపం మార్చేయాలని.

అద్దం పైన పాతది,
ఇత్తడి పూత లేచిపోయిన పట్టీ, మూడు బల్బులు.
రెండు వెలుగుతాయి,
మూడోది దాని ఇష్టం.
గాజు తొట్టి అడుగున ఎండిపోయిన ఈగలు,
ఏ వేసవివో.

ఇరవై మూడేళ్ళుగా బడి బస్సు నడుపుతున్నాను,
గడ్డకట్టిన రోడ్ల మీద, వెనక నలభై మంది పిల్లలతో.
ఏనాడూ వణకని చెయ్యి
ఇవాళ స్క్రూ గాడి దొరక్క
తాగినవాడి తాళంచెవిలా తడుముకుంటోంది.

నేలమాళిగలో బ్రేకర్ల పెట్టె.
ఈ ఇల్లు నాకమ్మిన టౌనో హక్కాలా
ఒక్కోదాని పక్కనా పెన్సిలుతో రాసుకున్నాడు:
వంట. కుట్టుమిషను. అమ్మ. ఏమో.
"అమ్మ"ను ఆపితే ఫ్రిజ్ మూగబోయింది.
మెట్లెక్కి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూస్తే
నా దీపం "ఏమో"లో ఉంది.
అయినా నమ్మకం చాలక
మెయిన్ కూడా దించేశాను.
ఇన్నాళ్ళూ ఈ ఇల్లు హోరుమంటూ ఉండేదని
అప్పుడు తెలిసింది.

వైర్ల దగ్గర పెట్టిన టెస్టరు పలకలేదు.
పలకని టెస్టర్లు రెండు రకాలు:
కరెంటు లేక పలకనిది,
బ్యాటరీ లేక పలకనిది.
ఇదేదో తేల్చుకోవాలంటే
ఇంట్లో ప్రాణమున్న వైరు ఒక్కటీ లేదు.
కోటు తొడుక్కుని వెళ్ళి
పక్కింటి గుమ్మంలో ప్లగ్గు దగ్గర పెట్టాను.
కీచుమని అరిచింది.
దాని వెనకే వెర్నా షెవ్చుక్, చేతిలో గరిటెతో:
"నా గోడకి జ్వరం చూస్తున్నావా, ఇర్యా?"

అలా వచ్చింది వెర్నా.
కొత్త దీపాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని
తుంటి ఆపరేషన్ గురించి చెబుతూ నిలబడింది.
నేను స్టూలెక్కాను.
నల్లదానికి నల్లది, తెల్లదానికి తెల్లది,
అన్నాడు దుకాణంలో కుర్రాడు, ఏదో చెస్ ఆడుతున్నట్టు.
యాభై ఏళ్ళ దుమ్ములో
ఇక్కడ రెండూ బూడిద రంగే.
చెవి పుల్లతో తుడిచాను.
ఒకటి మెల్లగా తెల్లబడింది,
పాత పంటి తెలుపు.

కొసలు మెలేసి
ప్లాస్టిక్ టోపీలు బిగించాను,
బస్సు దిగే ముందు చంటివాళ్ళకి
చెవుల దాకా లాగి తొడిగినట్టు.
లాగి చూస్తే ఒకటి ఊడొచ్చింది.
మళ్ళీ తొడిగాను.
రాగి ఎర్తు తీగను ఆకుపచ్చ స్క్రూ కింద చుట్టేసరికి
చూపుడు వేలు చీరుకుంది.
"తొందరేం లేదు," అంది వెర్నా,
తొందరపెట్టే గొంతుతో. "చేతులు మాత్రం చచ్చిపోయాయి."

నేలమాళిగకు నేనే వెళ్ళాను.
మెయిన్. తర్వాత "ఏమో".
పైనుంచి ఏ శబ్దమూ లేదు.
"వెర్నా?"
జవాబు లేదు.
"వెర్నా!"
"ఉన్నానమ్మా. అద్దంలో నా మొహం చూసుకుంటున్నాను.
దీన్ని కొంచెం తగ్గించడం కుదరదా?"

వెలిగింది. మూడూ వెలిగాయి.
ఎడమవైపు వేలెడు వంగింది.
పాతది కప్పి ఉంచినంత మేరా గోడ మీద
లేత గులాబీ రంగు బయటపడింది,
ఎవరిష్టమో మరి.
సబ్బు పెట్టెలో
ఒక స్క్రూ మిగిలింది.
కాగితమంతా రెండుసార్లు చదివాను.
దాని ఊసే లేదు.

రాత్రి రెండు సార్లు లేచి
గోడకి ముక్కానించి వాసన చూశాను.
సున్నం, సబ్బు.

సోమవారం బస్సులో
ముందు సీటు పిల్ల వేలి కట్టు చూసి అడిగింది.
దీపం మార్చానన్నాను.
"కరిచిందా?"
"గీరింది, అంతే."
రైలు గేటు దగ్గర ఆగినప్పుడు
ధాన్యం బోగీలు ఒక్కొక్కటే దాటుతుంటే
కోటు జేబులో చెయ్యి పెట్టాను.
అక్కడే ఉంది,
ఎందుకో తెలియని ఆ చిన్న స్క్రూ.
గేటు లేచేదాకా
వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాను,
బిగించే వైపుకే.