మసి కాదు

నోట్లో నిప్పు పెట్టుకుని నలభై ఏళ్లు
ఆర్జిపల్లి రేవులో చేపల ధర పాడింది
సూరాడ కొర్లమ్మ.
సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా
మండే కొస లోపలికి తిప్పుకోవడం
అమ్మ దగ్గర నేర్చుకుంది,
డబ్బులు లెక్కపెట్టడం కంటే ముందు.

అందుకే అంగిట్లో ఆ నల్లమచ్చని
ఎవరూ లెక్కచెయ్యలేదు.
కొడుకు మసి అన్నాడు.
ఛత్రపురం కాంపౌండరు మసే అన్నాడు.
బరంపురం పెద్దాసుపత్రిలో
నేనూ టార్చి వేసి చూసి
తడి గాజుగుడ్డతో తుడిచాను.
గుడ్డ తెల్లగానే వచ్చింది.

ముక్క తీసి పంపాం. పది రోజులు.
సాబత్ సార్ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా
"ఇది చుట్ట తెచ్చింది కాదు" అన్నారు ఒడియాలో.
"రంగు కణాలు తిరగబడ్డాయి. అప్పుడే ఎముకలోకి దిగాయి.
పాతికేళ్లలో నాకిది రెండో కేసు."
మొదటి మనిషి ఏమయ్యారో
నేను అడగలేదు.

ఒడియా మాటని తెలుగులోకి దించడం
ఇక్కడ నా రోజువారీ పని.
మలేరియా దించాను, కామెర్లు దించాను,
కవల పిల్లల్ని కూడా దించాను ఒకసారి.

వరండా బెంచీ మీద కొర్లమ్మ,
కొంగు ముడిలో చుట్టలు,
పది రోజులుగా ముట్టించనివి.
"మానేసినాను బాబూ. మసి పోనాదా?"

ఆ మాటని, మండే కొస లోపలికి తిప్పి,
కాసేపు నా నోట్లోనే ఉంచుకున్నాను.
అంగిలి కాలింది.

ఆమె నా దవడ వంకే చూస్తోంది,
ఆ పట్టు తెలిసిన మనిషి.
"ఇక్కడ గాలి లేదు బాబూ," అంది,
"బయటికి తీసీ."