పొగచూరు

షేక్‌పేట నాలా దగ్గర సిగ్నల్ పడితే
పక్కకు చూడొద్దని నాకెవరూ చెప్పలేదు.
పదకొండేళ్ళు నేనే చూడలేదు.
ఆఫీసు క్యాబులో కళ్ళు మూసుకుని
జపాను కారు బ్రేకుల పుస్తకాన్ని
ముందు మనసులో తెలుగు చేసుకుని
తర్వాత ఇంగ్లీషులోకి దింపే దారి అది.

మొన్న మార్చిలో నగోయా పంపారు.
ఒక ఆదివారం ఖాళీ దొరికితే
రైలెక్కి, బస్సెక్కి, కొండల సందున
ఒకే ఒక్క వీధి ఉన్న ఊరికి వెళ్ళాను.
వెనకటి బాటసారులు గుర్రం మార్చుకుని
కాళ్ళు కడుక్కుని
ఒక రాత్రికి నడుం వాల్చిన మజిలీ.

కరెంటు తీగలు ఇళ్ళ వెనక దాక్కున్నాయి.
ఏసీ డబ్బాకు సైతం చెక్క ముసుగు.
అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం అని
ఊరంతా ఒకప్పుడు కూడబలుక్కున్నారట.
మా ఆసిఫ్‌నగర్ సందు గుర్తొచ్చి నవ్వొచ్చింది.
అక్కడ ఆ మూడు పనులూ
ఒకే పూటలో, ఒకే స్టాంపు కాగితం మీద అయిపోయాయి.

ఊరి బయట అడవి దారిలో గంట కట్టి ఉంది,
ఎలుగుబంట్లు ఉంటాయి, గట్టిగా కొట్టమని.
కొట్టాను.
ఎలుగూ రాలేదు, మనిషీ రాలేదు.
ఇంకోసారి కొట్టాను, ఊరికే.

ఒక ఇంట్లో నేల మధ్య గుంటలో నిప్పు.
పైన వేలాడే కెటిల్‌లో నీళ్ళు కూడా లేవు.
కినుఏ అనే పెద్దావిడ ఒక్కతే
కట్టె ఎగదోస్తూ కూచుంది.
ఎవరి కోసం అన్నాను.
కప్పు కోసం, అంది.
టీ కప్పు కాదు, ఇంటి కప్పు.
ఆమె భాషలో ఆ తికమక లేదు,
నా లోపల తెలుగు చేసుకున్నప్పుడే పుట్టింది.
పొగ తగలకపోతే దూలాలకు పురుగు పడుతుందట.
మనుషులు రాని రోజు కూడా
పొయ్యి మానకూడదట.

తిరిగొచ్చిన మొదటి సోమవారం
సిగ్నల్ దగ్గర కళ్ళు తెరిచాను.
సరాయి అక్కడే ఉంది, కమానుల వరస,
గోల్కొండ నుంచి బందరు బాట పట్టినవాళ్ళు
ఒంటెలు కట్టేసి పడుకున్న చోటు.

ఆదివారం ఆటో చేసుకుని పోతే
కాపలా దస్తగీర్ గేటు సగమే తీశాడు.
"ఏమున్నదమ్మా లోపట, గబ్బిలాలు.
అర్రలు ఎన్నో నాకే ఎర్కలేదు,
నిన్న లెక్కబెడితే ఒకటి తక్కువొచ్చింది."

మూలగదిలో గోపురం లోపలి వంపున మసి.
బంక బంకగా, నల్లగా, వేలికి అంటింది.
ఏ నీలిమందు వర్తకుడి రొట్టెల పొగో,
ఏ గుర్రపువాడు రాజేసిన నెగడో అని
ముక్కు ఆనించి నిలబడ్డాను చాలాసేపు.
దస్తగీర్ తల గోక్కున్నాడు.
"గండ్ల కొంత నాదేనమ్మా.
చలికాలం చాయ్ పెట్టుకుంట.
సార్లకు చెప్పకు,
గీకి సున్నం కొట్టియ్యాలన్నరు."

ఇయ్యాల కూడా పెట్టమన్నాను.
నా మొహంలోకి చూశాడు, తనిఖీకి వచ్చానేమోనని.
ఎండు తుమ్మపుల్లలు, మూడు రాళ్ళు.

గోడనీడన బండి ఆపుకున్న డెలివరీ పిల్లాడు
వాసన పట్టుకుని వచ్చాడు, లక్‌పతి, దేవరకొండ దిక్కు తండా.
పొద్దున్నించి అరవై కిలోమీటర్లు తిరిగాడు.
చెప్పులు విడిచి గచ్చు మీద పాదాలు చాపాడు.
ఇది సరాయి అని అతనికెవరూ చెప్పలేదు,
పాదాలకు తెలిసినట్టుంది.
గ్లాసు సగంలో ఉండగా ఫోను మోగింది,
మణికొండలో ఎవరికో ఇడ్లీ ఆకలి.
మిగిలిన చాయ్ దస్తగీర్ తాగేశాడు.

మర్నాడు క్యాబులో మాధవీలత
"ఏంటే, నీ చున్నీ పొగ కంపు" అంది.
పుస్తకం తెరిచాను, డెబ్బై రెండో పేజీ.
పొగ కనిపిస్తే వెంటనే ఆపి
నిపుణులకు చూపించండి, అని ఉంది ఎర్రక్షరాల్లో.
ఉన్నదున్నట్టే దింపాను.
నాలా దాటాం.