మూలల మనిషి

వారిక్ దాన్ని ట్రక్కులోంచి దింపించిన రాత్రి
డాండెనాంగ్ సౌత్‌లో నాలుగు డిగ్రీలు.
గేర్‌బాక్సుల ఫ్యాక్టరీ, మూడో షెడ్డు,
అప్పుడే ఆగిన లేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి.
పసుప్పచ్చ యంత్రం, కడుపులో నూటిరవై లీటర్ల నీళ్లు,
కింద రెండు గుండ్రటి బ్రష్షులు,
వెనకాల ఒక రబ్బరు పెదవి, కారిందంతా పీల్చుకోడానికి.
సంతలో ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చూశాం,
పళ్లొక్కటే లెక్కపెట్టలేదు.

అప్పటిదాకా ఆ ఐదు షెడ్ల నేల మా ముగ్గురిది,
ల్యుబిత్సా, కుర్బాన్, నేను.
మాప్ ముంచి, పిండి, ఎనిమిది అంకె దిద్దినట్టు ఆడిస్తూ
వెనక్కి వెనక్కి నడిచేవాళ్లం.
తుడిచేవాళ్లు ముందుకు నడవరు,
తడి మీద తమ అడుగే పడుతుందని.
ఆరు గంటలు.
నాలుగో బకెట్టుకే నీళ్లు నల్లబడేవి.
ఆ తర్వాత తుడిచింది మురికినో, మురికితోనో
ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

యంత్రం మూడో షెడ్డును నలభై నిమిషాల్లో ముగించింది.
ఫోర్క్‌లిఫ్ట్ టైర్లు గీసిన నల్లటి వంకరలు,
కూలెంట్ జిడ్డు, ఇనప రజను,
అన్నీ తాగేసి నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది.
నేలలో ట్యూబులైట్లు తలకిందులుగా వెలిగాయి.
ఇన్నేళ్లూ ఆ నేలది బూడిద రంగనుకున్నాను.
లేత ఆకుపచ్చట.

నాకు గొంతు పట్టేసింది. మాప్ గురించి ఏదో అన్నాను,
చేతి తుడుపులో ఉండే శ్రద్ధ, అదీ ఇదీ.
ల్యుబిత్సా మోకాలిచిప్ప మీద నా చెయ్యి లాక్కుని పెట్టుకుంది.
"శ్రద్ధ ఇదిగో, ఇక్కడ అరిగింది, పట్టి చూడు" అంది.
కీచుమంది లోపల ఏదో.
అరవై రెండేళ్ల మనిషి
సీటెక్కి తాళంచెవి తిప్పింది.
షెడ్డు చివరిదాకా పోయి
మలుపు తిరిగి వస్తుంటే అప్పుడు తట్టింది నాకు,
ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి
ల్యుబిత్సా తుడుస్తూ ముందుకు వస్తోంది.

తెల్లారి వారిక్ కాగితం తెచ్చాడు.
చెడ్డవాడు కాదు, కళ్లు మాత్రం కాగితంలోంచి ఎత్తలేదు.
రాత్రికి పద్దెనిమిది గంటల పని ఇకనుంచి ఏడు.
డ్రైవరుకు నాలుగు, డీటెయిలింగుకు మూడు.
కుర్బాన్ తన పేరు రెండుసార్లు వెతుక్కున్నాడు,
కాగితం తిప్పి వెనకవైపు కూడా.
గ్లోవ్స్ ఉతికి, ఆరేసి, వెళ్లిపోయాడు.
ఇప్పటికీ ఆ కొక్కేనికే ఉన్నాయవి,
వేళ్లు కిందికి.

డీటెయిలింగ్ అంటే నేను.
గుండ్రటి బ్రష్షు నలుచదరపు మూలలోకి పోదు.
ప్రతి స్తంభం మొదట్లో, ప్రతి లేతు కాలి దగ్గర
నెలవంకంత మురికి వదిలేసి పోతుంది.
అక్కడికి నేను వెళ్తాను,
గీకుడు బద్ద, పాత పళ్లబ్రష్షు,
మోకాళ్ల కింద రబ్బరు దిండు.
రాత్రికి రెండు వందల పద్నాలుగు నెలవంకలు.
లెక్కపెట్టాను. లెక్కపెట్టక ఏం చేస్తాను.

మా భాషలో పనికిరానిదాన్ని మూలనపడిందంటాం
అని చెబితే ల్యుబిత్సాకు అర్థం కాలేదు.
"పనంతా మూలల్లోనే కదా" అంది.

ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు మాత్రం ఇద్దరం ఉండాలి.
ఒకరు గొట్టం పట్టుకోవాలి, ఒకరు మూత తిప్పాలి.
నల్లటి నీళ్లు, వాటిలో ఒక్కోసారి ఒక నట్టు, ఒక ఇయర్‌ప్లగ్,
ఎవరి చొక్కాదో గుండీ.
కంచె మీద మాగ్‌పైలు అప్పుడే గొంతు సవరించుకుంటుంటాయి.

శుక్రవారం పది నిమిషాలు నన్నూ ఎక్కించింది.
చక్రం చేతుల్లో వణికింది, లేదా చేతులే.
ముందుకు పోతున్నాను,
తల మాత్రం అలవాటుకొద్దీ వెనక్కి తిరిగే ఉంది.
తడి మీద
ఎవరి అడుగూ లేదు.